పన్నెండు బొమ్మల పెట్టె



నా బాల్యమున రాజమహేంద్రవరములో మా వీధి మొగను ఒక ఫోటో స్టూడియో ఉండెడిది. దాని యజమాని పెండ్లిండ్లకును షష్టిపూర్తులకును వచ్చునపుడు మెడలో వ్రేలాడదీసికొని వచ్చెడి రెండు కన్నుల నల్లని పెట్టెను పిల్లలమందరము చుట్టుమూగి చూచెడివారము. ఆయన దానిని కంటి కానించుకొనెడివాడు కాడు. పొట్టకు ఆనించి నిలుపుకొని, పైమూత తెరచి, తల వంచి లోనికి చూచుచు, ఎడమచేతితో ప్రక్కనున్న మరను మెల్లమెల్లగా త్రిప్పెడివాడు. ఒకనాడు ఆయన నన్ను దగ్గరకు పిలిచి ఆ మూతలోనికి చూడనిచ్చెను. రెండంగుళములకు కొంచెము మించిన ఆ చదరపు గాజుపలకపై మా పెరటి మామిడిచెట్టును, ఆ చెట్టునీడను నులకమంచముపై కూర్చుండి తమలపాకునకు సున్నము రాయుచున్న మా నాయనమ్మను, నిజమునకంటె నిగనిగలాడు రంగులతో చూచి నేను నిశ్చేష్టుడనైతిని. పెట్టెను కుడికి త్రిప్పిన కొలది ఆ దృశ్యము నేననుకొన్న దిక్కునకు గాక ఎదురుదిక్కునకు జారిపోవుచుండగా నేను తికమకపడుట చూచి ఆయన, "తలకిందులు కాదుగదరా అబ్బాయ్, కుడి ఎడమలేగా! నాలుగు రోజుల్లో అలవాటైపోద్దిలే" అని నవ్వెను.

ఆ పెట్టెను, దాని జాతికి చెందిన ఇతర కెమెరాలను కొనవలెనని నేడు యువతీయువకులు పలువురు నాయొద్దకు వచ్చి సలహా అడుగుచున్నారు. చేతిలోని ఫోనే వేలకొలది బొమ్మలు తీయుచున్న ఈ కాలమున, పండ్రెండు బొమ్మలతో ముగిసిపోవు ఒక రోలుకై వారు పడు ఆరాటమును నేను ఆదరముతోనే చూచుచున్నాను. వారి ప్రశ్న ఒక్కటియే: తక్కువ సొమ్ములో, సెకండ్ హ్యాండులో, ఏది కొనవలెను? ఈ ప్రశ్నకు నేను ముప్పది సంవత్సరములుగా చేతులు కాల్చుకొని నేర్చుకొన్న సమాధానమును నేడు మీకు విన్నవింపదలచితిని.

కెమెరాకంటె ముందు ఫిలిం సంగతి చెప్పవలెను. మన ఫోటోగ్రాఫర్లు 'వన్ ట్వంటీ' అని పిలుచు ఈ 120 రోలును కొడాక్ కంపెనీవారు 1901వ సంవత్సరమున తమ బ్రౌనీ పెట్టె కెమెరా కొరకు ప్రవేశపెట్టిరి. దాదాపు ఆరు సెంటీమీటర్ల వెడల్పు గల ఫిలిం పట్టీకి వెనుకగా వెలుతురు చొరనీయని పొడవైన కాగితమును అంటించి, ఒక చిన్న కండెకు చుట్టుటయే దాని నిర్మాణమంతయు. ఆనాటి బ్రౌనీ పోయినది. అదే వెడల్పుతో సన్నని కండెపై వచ్చిన 620 రోలు పోయినది. కాగితమును తగ్గించి పొడవును రెట్టింపు చేసి 1965లో తెచ్చిన 220 రోలు దాదాపు కనుమరుగైనది. 120 మాత్రము నేటికిని ఇంగ్లండులో ఇల్ఫర్డువారును, అమెరికాలో కొడాక్‌వారును, చెక్ దేశములో ఫోమావారును తయారుచేయుచునే యున్నారు. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారి 'ఇందు' రోలును మన స్టూడియోలవారు మరచిపోలేదు. ఆ కర్మాగారము మూతపడుట నాకు నేటికిని మనసున కలుక్కుమను విషయము. పాత కొడాక్ కెమెరా ఏదైన చౌకగా దొరికినప్పుడు లోపలి కండెను చూచి, అది 620 రకమైనచో మొదటిసారి కొనువారు దానిని విడిచిపెట్టుట మేలు.

ఈ పెద్ద ఫిలిమువలన లాభమేమని అడుగుదురు. ముప్పదియైదు మిల్లీమీటర్ల చిన్న ఫిలిముపై బొమ్మ పొడవు 36, వెడల్పు 24 మిల్లీమీటర్లు. 120 ఫిలిముపై చదరపు బొమ్మ ఇరువైపులను 56 మిల్లీమీటర్లు. వైశాల్యమున ఇది చిన్నదానికి మూడున్నర రెట్లకు మించినది. పది అంగుళముల చదరపు ప్రింటు తీయవలసినచో పెద్ద నెగటివును నాలుగున్నర రెట్లు పెంచిన చాలును. చిన్న నెగటివును పదిరెట్లకు పైగా సాగదీయవలెను. ముసలివారి ముఖముపై ముడుతలు, పట్టుచీర జరీ అంచునందలి మెలిక, గోడపై ఎండ మెల్లగా నీడలోనికి కరగిపోవు ఆ నడిమి వన్నెలు, ఇవన్నియు పెద్ద నెగటివులో ఏ ప్రయాసయు లేక నిలిచియుండును. పాత పెండ్లి ఆల్బములలోని నలుపు తెలుపు ఫోటోలను చూచి, నేటివాటిలో ఆ నిండుదనము ఏల లేదని మీరెన్నడైన అనుకొని యున్నచో, దానికి కారణములలో ముఖ్యమైనది నెగటివు పరిమాణమే.

ఈ ఒక్క ఫిలిముపైననే కొన్ని కెమెరాలు పదునారు లేక పదునైదు బొమ్మలును, కొన్ని పండ్రెండును, కొన్ని పదియును, కొన్ని ఎనిమిదియును తీయును. బొమ్మ పెరిగిన కొలది లెక్క తగ్గును, కెమెరా బరువు పెరుగును. ఇందులో ఏది గొప్పయను తర్కమునకు నేను పోను. పండ్రెండు బొమ్మల చదరమునందు కెమెరాను నిలువునకు అడ్డమునకు త్రిప్పు పనియే లేదు కావున మొదటిసారి కొనువారికి అది సుఖమని మాత్రము చెప్పుదును.

ఇక కెమెరాల విషయము. ఈ మాట ఎత్తగానే కుర్రవారందరు హాసెల్‌బ్లాడ్ పేరు చెప్పుదురు. స్వీడను దేశమున గోటెబర్గ్ నగరమునుండి వచ్చిన ఆ కెమెరా ఘనతను తగ్గించుట ఎవరి తరము? 1969లో చంద్రునిపై అడుగిడిన మానవుని చేతనున్నది అదియే. అమెరికాలోని యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ కొండపై చంద్రుని ఫోటోగ్రాఫరు ఆన్సెల్ ఆడమ్స్ 1960లో చిత్రించినది దానితోనే. కాని దాని ఒక్క లెన్సునకు పెట్టు సొమ్ముతో ఇతరత్రా ఒక కెమెరాయు, ఏడాదికి సరిపడు ఫిలిమును వచ్చును. పైగా లెన్సును, పెట్టెను రెండింటిని బిగువెక్కించి జతపరచవలెనను నియమమును ఒక్కసారి మరచినచో అది బిగుసుకొనిపోవును. దానిని విప్పి సరిచేయు నేర్పరి జిల్లా పట్టణములలో దొరకడు. చౌక వెదకువారు దానికి దూరమునుండి నమస్కరింపవలసినదే.

జపాను కెమెరాలలో మామియా ఆర్‌బీ 67, పెంటాక్స్ 6×7, బ్రోనికా, మామియా 645 అనునవి పేరుపడినవి. వీనిలో 1970లో వచ్చిన ఆర్‌బీ 67ను నేను కొంతకాలము వాడితిని. బ్యాటరీ అక్కరలేని సంపూర్ణ యాంత్రికము. వెనుకనున్న ఫిలిం పెట్టెను అట్లే త్రిప్పి బొమ్మను నిలువుగనో అడ్డముగనో తీయవచ్చును. స్టూడియోలో స్టాండుపై నిలిపి మనిషి బొమ్మ తీయుటకు దానికి సాటివచ్చునవి అరుదు. లెన్సుతో కూడి సుమారు రెండు కిలోల ఏడువందల గ్రాముల బరువు గల ఆ యంత్రమును భుజమున వేసికొని నేను ఒకపరి అంతర్వేది తీర్థమునకు పోయి, మధ్యాహ్నమునకే ఒక కొబ్బరితోటలో కూలబడితిని. ఆనాడు నా రోలులో పది బొమ్మలకు గాను మూడే తీయబడినవి. స్టూడియో గలవారు దానిని నిశ్చింతగా కొనవచ్చును. తిరుగు కాళ్లు గలవారు వలదు. పెంటాక్స్ 6×7 మంచిదే గాని దాని అద్దము లేచునపుడు పెట్టె యంతయు అదరును, బ్యాటరీ లేనిది పని చేయదు. 1976లో మొదలైన బ్రోనికా ఈటీఆర్ వరుస తేలిక. బ్యాటరీ చచ్చినచో సెకనులో అయిదువందలవ వంతు అను ఒక్క వేగము మాత్రము మిగులును. దానిలోని విద్యుత్ పలకలు చెడినచో బాగుచేయువారు లేరు కావున నలుబది ఏండ్లు దాటిన అట్టి యంత్రముపై నా సొమ్ము నేను పెట్టను. కీవ్ నగరపు కీవ్ 88, డ్రెస్డెనులోని పెంటకాన్ సిక్స్ చౌకయే. కాని ఒక బొమ్మ అంచు మరియొక బొమ్మపైకెక్కు జాడ్యము వానిలో తరచుగా కానవచ్చును.

మడత కెమెరాలు, అనగా ఆగ్ఫా ఇసోలెట్ వంటివి, జేబులో పట్టును, ధరయు తక్కువ. కాని వాని తోలుతిత్తిని చీకటిగదిలో లోపల దీపము పెట్టి చూచినచో మడతల మూలలందు నక్షత్రములవలె సూదిరంధ్రములు కనబడుట పరిపాటి. ఆ తిత్తిని మార్పించుటకగు ఖర్చు కెమెరా వెలను మించిపోవును.

కావున నేను అందరకును చెప్పునది మొదట చెప్పిన ఆ రెండు కన్నుల పెట్టెనే. పైకన్ను చూచుటకు, క్రిందికన్ను తీయుటకు. లోపల కదలు అద్దము లేదు. షట్టరు లెన్సులోననే యుండును గనుక చప్పుడు చిటికె వేసినంత. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణమున ఫ్రాంకె, హైడెకె అనువారు 1929లో రోలీఫ్లెక్స్ పేరుతో దీనికి రూపమిచ్చిరి; 1933లో కొంత తక్కువ వెలకు రోలీకార్డును తెచ్చిరి. రోలీఫ్లెక్స్ నేడును ప్రియమే. రోలీకార్డు మాత్రము పేరు చూచి పోవువారి కంటబడక కొంత అందుబాటులో ఉన్నది. షికాగో నగరమున పిల్లలను సాకు పని చేసికొని బ్రతికిన వివియన్ మేయర్ మెడలో రోలీఫ్లెక్స్ వేసికొని వీధులలో తీసిన వేలకొలది బొమ్మలు 2007లో బయటపడినవి. వానిలో ఎన్నో రోలులు కడుగబడనే లేదు. తలవంచి బొడ్డు దగ్గర చూచు ఆ భంగిమయే ఎదుటివారిని జంకనీయని దని ఆ బొమ్మలు చూచినపుడు నాకు తోచినది.

తక్కువ వెలలో ఈ జాతి యందు రెండింటిని గట్టిగా చెప్పుదును. ఒకటి యాషికా మ్యాట్. 1957లో మొదలై, 124జీ అను రూపమున 1970 నుండి 1986 వరకు తయారైనది. లెన్సు 80 మిల్లీమీటర్లు. బరువు కిలోకు కొంచెము పైమాట. 124జీపై నున్న వెలుతురుమాపకము పాదరసపు బ్యాటరీపై ఆధారపడినది. ఆ బ్యాటరీ నేడు దొరకదు. కావున "మీటరు పని చేస్తోంది సార్" అని చెప్పి ఎక్కువ వెల అడుగువానికి ఒక్క పైసాయు అధికముగా ఈయవలదు. మన ఎండలో మీటరుతో పనియేమి? నడియెండలో 16 అంకెకు రంధ్రమును పెట్టి, ఫిలిం వేగము 100 అయినచో సెకనులో నూటయిరువదియైదవ వంతు పెట్టిన చాలును.

రెండవది మామియా సి220. మామియా సి వరుసకు ఒక విశేషము కలదు: రెండు కన్నులను జంటగా ఊడదీసి మరియొక జంట పెట్టుకొనవచ్చును, 55 మొదలు 250 మిల్లీమీటర్ల వరకు. ముందు తిత్తి పొడవుగా సాగును గనుక చేతిగాజుల వరకు, ముక్కుపుడక వరకు దగ్గరకు పోవచ్చును. అమెరికాలో డయాన్ ఆర్బస్ అను ఆమె తరువాతి కాలమున ఈ వరుసలోని సి33 కెమెరాతోనే ఎన్నో ముఖములను మనకు మరువరానివిగా చేసెను. యాషికాకంటె బరువే; కాని షట్టరు చెడినచో ఆ లెన్సు జంటను ఒక్కదానిని మార్చిన చాలును, కెమెరా బ్రతికియే యుండును. పాత యంత్రము కొనువానికి ఇంతకంటె ధైర్యమేమి కావలెను?

ఇప్పుడు కొనుటలోని మెలకువలు. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీ, ఢిల్లీలో చాందినీ చౌకునందలి కూచా చౌధరీ కెమెరా అంగళ్లకు పేరుపడిన చోట్లు. ఎక్కడ కొన్నను వెంట మూడు వస్తువులు తీసికొని పొండు: ఒక చిన్న టార్చి, పాడైన ఒక 120 రోలు, ఒక ముక్క ట్రేసింగ్ కాగితము.

వెనుక తలుపు తెరచి, షట్టరును 'బి' అను చోట పెట్టి, మీట నొక్కిపట్టి, వెనుకనుండి టార్చి వేసి లెన్సును వాలుగా చూడుడు. సాలెగూటి పోగులవలె తెల్లగా కొమ్మలు కొమ్మలుగా వ్యాపించినది కనబడినచో అది ఫంగస్. కాకినాడ, విశాఖపట్టణము వంటి సముద్రపు గాలి తగులు ఊళ్లలో తోలుసంచిలో ఏండ్ల తరబడి ముడిచిపెట్టిన కెమెరాలకు ఇది తప్పని జబ్బు. తోలు తేమను పట్టి యుంచును. అంచున చుక్కంత యున్నను కొనవలదు. ఒకటి రెండు దుమ్ము రేణువులు, పైన చిన్న గీత యున్నను బొమ్మకు హాని లేదు.

తరువాత షట్టరును ఒక సెకను వేగమునకు పెట్టి నొక్కి చెవి యొగ్గుడు. లోపలి పళ్లచక్రము గడియారమువలె ఒకే తీరున కొరకొర మని తిరిగి ఆగవలెను. నడుమ నత్తినత్తిగా ఆగి ఆగి సాగినచో లోపలి కొవ్వు గట్టిపడినదన్నమాట. శుభ్రము చేయించుటకగు ఖర్చును వెలలో తగ్గించి అడుగవచ్చును. దానియంతట అదే మీటుకొను సెల్ఫ్ టైమరు మీటను మాత్రము ముట్టకుడు. పాత షట్టరులలో అది నడుమ బిగుసుకొనిపోయి మంచి షట్టరునే పాడుచేయును.

ఇక ట్రేసింగ్ కాగితము సంగతి. ఇది నాకు చాల ఇష్టమైన పరీక్ష. వెనుక తలుపు తీసి, ఫిలిం నిలుచు పట్టాలపై ఆ కాగితమును బిగువుగా ఆనించి, షట్టరు తెరచి పట్టి, దూరమున నున్న ఒక గోపురముపైకి కెమెరాను త్రిప్పుడు. తలపై తువ్వాలు కప్పుకొని చూచినచో ఆ కాగితముపై గోపురము తలక్రిందులుగా ప్రత్యక్షమగును. పైమూతలోని గాజుపలకపై కుడియెడమలుగా కనబడు గోపురమును, ఈ తలక్రిందుల గోపురమును రెండును ఒకేచోట మరను నిలిపినపుడు సూదిమొనవలె స్ఫుటముగా ఉండవలెను. అట్లు లేనిచో రెండు కన్నుల మధ్య పొత్తు చెడినది. మీరు పైన ఒకటి చూతురు, క్రింద వేరొకటి పడును. మా స్టూడియో యజమాని తలక్రిందులు కాదన్నది పైకన్ను మాట; క్రిందికన్ను ఎల్లప్పుడును ప్రపంచమును తలక్రిందులుగనే వ్రాసికొనునని నేను తెలిసికొన్నది ఈ కాగితపు ముక్కవలననే.

పాడైన రోలును ఎక్కించి చివరివరకు త్రిప్పి, మర ప్రతి బొమ్మ వద్ద సరిగా ఆగుచున్నదో లేదో చూచుకొనుడు.

ఒక పరీక్షను నేను చేయక మోసపోయితిని. నా మొదటి కెమెరాను ఒక పెద్ద నగరమున, రైలు వేళ మించిపోవుచున్నదన్న తొందరలో కొంటిని. అమ్మినవాడు అద్దములు తళతళ తుడిచి చూపెను. నేను వెనుక తలుపు అంచులను చూడనే లేదు. మా చెల్లెలి కుమారుని అక్షరాభ్యాసమునాడు తీసిన పండ్రెండు బొమ్మలలోను, పిల్లవాడు బియ్యములో వ్రేలు పెట్టిన చోటికి సరిగా ఒక తెల్లని చార అడ్డముగా వచ్చెను. తలుపు గాడిలో అంటించిన నురుగు పట్టీ ఏండ్లు గడచుటచే జిగురుతారువలె కరగి, ఎండ లోపలికి చొచ్చెను. ఆ పట్టీని గీకివైచి, నల్లని ఉన్నిదారమును గాడిలో పరచుటకు నాకు పట్టినది ఒక సాయంకాలము, పది రూపాయలు. ఆ అక్షరాభ్యాసము మాత్రము మరల రాలేదు. మీరు కొన్న కెమెరా ఎంత మంచిదైనను మొదటి రోలును శుభకార్యమునకు తీసికొని పోవలదు. ఇంటి ముంగిట, ఎండలో, గోడనో చెట్టునో తీసి చూచుకొనుడు.

కెమెరా వెల ఒక్కసారి ఇచ్చునది. రోలు వెల, కడుగుడు వెల ప్రతి పండ్రెండు బొమ్మలకును ఇచ్చునది. చేతిలో సొమ్మును రెండుగా చీల్చి, సగమునకు మించనీయక కెమెరా కొని, తక్కిన దానిని ఫిలిమునకు ఉంచుకొనుడని నా మనవి. నలుపు తెలుపు రోలును ఇంటివద్దనే కడుగవచ్చును. ఇల్ఫర్డు హెచ్‌పీ 5 ఫిలిమును పలుచన చేయని డీ-76 ద్రావణములో ఇరువది డిగ్రీల వెచ్చదనమున ఏడున్నర నిమిషములు కడుగవలెను. వైశాఖమాసపు మన కొళాయినీరు ఇరువది డిగ్రీలుండదు గనుక పళ్లెములో మంచుగడ్డలు వేసి, ద్రావణపు సీసాను అందు నిలిపి, థర్మామీటరు చూచుచు కూర్చుండవలెను. ట్యాంకు మూత తీసి, బొమ్మను స్థిరపరచు హైపోనుండి తడి రోలును పైకెత్తి వెలుతురునకు పట్టిన ఆ క్షణమున, తెల్లనిది నల్లగను నల్లనిది తెల్లగను మీ ఇంటివారి ముఖములు పండ్రెండు వరుసగా దిగివచ్చునపుడు కలుగు ఆనందమును నేను మాటలలో చెప్పలేను. ముప్పది ఏండ్లైనను అది నాకు తగ్గలేదు.

ముగించుటకు ముందు మీకొక్క విన్నపము. కొనుటకు బయలుదేరకముందు మీ తాతగారి బీరువా పై అర వెదకుడు. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-3 కెమెరాలు మన మధ్యతరగతి ఇండ్లలో ఎన్నియో ఉండెడివి; అదియు 120 రోలుపై పండ్రెండు చదరపు బొమ్మలు తీయునదే, ఈ విద్య నేర్చుకొనుటకు చక్కగా చాలును. అట్టిది దొరికినచో దుమ్ము తుడిచి, వెనుకనున్న ఎర్రని గుండ్రని కిటికీలోనికి చూడుడు. అందు అంకె ఏదైన కనబడినచో లోపల రోలు ఉన్నదన్నమాట. తొందరపడి తలుపు తెరువకుడు. పైమరను నిదానముగా, కాగితము చివరవరకు చుట్టుకొని మర వదులుగా తిరుగు వరకు త్రిప్పి, చీకటిగదిలో తీసి, కాగితపు అంచును అంటించి, కడుగువారికి ఇండు. దానిలో ఎవరి ముఖమున్నదో మీకును తెలియదు, నాకును తెలియదు.